సిమ్‌లో పెడితే ఆరిపోయే కారు

పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు, దాంతోపాటు కారు గ్లవ్ బాక్సులో దొరికిన పాకెట్ డైరీ పేజీల ఫొటోలు రెండు. ఆ ఫొటోలు ఎందుకు పంపుతున్నానో నాకే తెలీదు, పనికొస్తాయేమోనని, అన్నారు. పనికొచ్చాయి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఉత్తరంలో విషయం ఇది. ఆవిడ నాన్నగారు అనంతపురంలో ఉంటారు, రిటైరయ్యారు. 2007లో కొన్న చిన్న పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, ఏపీ 02 నంబరు. కళ్ళ ఆపరేషన్ అయ్యాక ఆయన డ్రైవింగ్ మానేసి 2023లో ఆ కారు కూతురికి ఇచ్చేశారు. ఈవిడ డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా అందులోనే. కారు మోడల్ కూడా రాశారు గానీ అది ఇక్కడ అనవసరం, ఇంత వయసు వచ్చిన ఏ కారుకైనా ఈ జబ్బులు వస్తాయి.

ఆరు నెలలుగా గొడవ మొదలైంది. పొద్దున స్టార్ట్ చేస్తే మొదటి పది నిమిషాలు హాయిగా నడుస్తుంది. ఇంజిన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఆపగానే ఆర్‌పీఎం ముల్లు, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది, 500కి పడిపోతుంది, స్టీరింగ్ గడగడ వణుకుతుంది, ఏసీ వేసి ఉంటే టప్పున ఆఫ్ అయిపోతుంది. తాళం తిప్పితే వెంటనే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. హైవే మీద అనంతపురం దాకా వెళ్ళినా ఏమీ కాదు. నలుగురితో నంది హిల్స్ ఎక్కినా ఏమీ కాలేదు. ముగ్గురు మెకానిక్కులకి చూపించారు. మొదటాయన బ్యాటరీ మార్చాడు, ఆ మర్నాటి నుంచి ఇంకా ఎక్కువైంది. రెండో ఆయన ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, తర్వాత పెట్రోల్ పంపు మార్చాడు. అప్పటికి 18 వేలు అయ్యాయి. మూడోది పెద్ద సర్వీస్ సెంటరు, అక్కడ ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పోయింది, సెకండ్ హ్యాండ్‌ది దొరికితే 22 వేలు అన్నారు.

పోయిన నెల బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర రెండో క్లాసు చదివే కొడుకు వెనక సీట్లో ఉండగా బండి ఆగిపోయింది, వెనకాల బస్సు, హారన్లు, అందరి చూపులూ ఈవిడ మీదే. అప్పటి నుంచి భర్త 'ఆ తుక్కు అమ్మేయ్' అంటున్నారు. నాన్నగారేమో ఫోన్లో 'పదహారేళ్ళు నా చేతిలో ఒక్కసారి ఆగలేదు, నీకు క్లచ్ వదలడం రాదు' అంటున్నారు. అమ్మే మాట ఎత్తితే రెండు రోజులు మాట్లాడలేదట. ఉత్తరం చివర్లో మూడు ప్రశ్నలు: బాగు చేయించాలా, అమ్మేయాలా, అసలు తప్పు నాదా బండిదా?

చివరి ప్రశ్నతో మొదలుపెడతానండీ, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది అదే అనిపించింది. తప్పు మీది కాదు. క్లచ్ వదలడం రానివాళ్ళ చేతిలో బండి కదిలేటప్పుడు ఆగుతుంది, ఫస్ట్ గేర్ వేసి బయల్దేరుతుంటే ముందుకి ఒక కుదుపు కుదిపి చచ్చిపోతుంది. మీది నిలబడి ఉన్నప్పుడు ఆగుతోంది, అదీ క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు. క్లచ్ తొక్కాక ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధమే ఉండదు, అది దానంతట అది తిరగాలి, తిరగలేకపోతోంది. మీ కాలు దాన్ని ఆపేసే అవకాశమే అక్కడ లేదు.

ఇక బండి సంగతి. మీరు మెకానిక్ కాదు గానీ ముగ్గురు మెకానిక్కులూ అడగని విషయాలు మీరే రాసిచ్చారు. ఎప్పుడు ఆగుతోంది, ఎప్పుడు ఆగడం లేదు అన్నదే ఈ జబ్బుకి సగం పరీక్ష. నంది హిల్స్ ఎక్కిందన్నారు కదా, నలుగురితో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ పెట్రోల్ విపరీతంగా తాగుతుంది. పంపు బలహీనపడినా, ఫిల్టర్ మూసుకుపోయినా ముందు తెలిసేది అక్కడే, యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగదు, ముక్కుతుంది. కొండ ఎక్కిన బండికి పంపు మార్చడమంటే మెట్లు గబగబా ఎక్కొచ్చిన మనిషికి మోకాలి ఆపరేషన్ చేసినట్టే. ఆ డబ్బులు ఇక రావు, వదిలేయండి. పాత పంపు ఇచ్చి ఉంటే మాత్రం పారేయకండి, అది బాగానే ఉండి ఉంటుంది.

ఆగిన వెంటనే మళ్ళీ స్టార్ట్ అవుతోందని కూడా రాశారు. ఇది చాలా ముఖ్యం. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ పోతే బండి ఎంత స్పీడులో ఉన్నా లైట్ ఆర్పినట్టు ఆగిపోతుంది, వేడి మీద మామూలుగా స్టార్ట్ కాదు, పావుగంటో అరగంటో చల్లారాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మీది అలా లేదు కాబట్టి దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు.

మిగిలింది ఏంటి? స్పీడు మీద బాగుంది, ఖాళీగా నిలబడితే బాగోలేదు. చల్లగా బాగుంది, వేడెక్కితే బాగోలేదు. ఏసీ బరువు పడితే అసలు తట్టుకోలేదు. మీ వంటింట్లో గ్యాస్ స్టవ్ బర్నర్ మూసుకుపోయినప్పుడు చూసే ఉంటారు, హైలో పెడితే మంట బ్రహ్మాండంగా వస్తుంది, సిమ్‌లో పెడితే ఆరిపోతుంది. గ్యాస్ తక్కువై కాదు, సన్నటి దారులు పూడిపోయి. మీ కారుకీ అదే అని నా అనుమానం, కాకపోతే ఇక్కడ పూడిపోయేది గాలి దారి.

యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్‌లోకి గాలి వదిలే రేకు, అదే థ్రాటిల్, దాదాపు పూర్తిగా మూసుకుని ఉంటుంది. అప్పుడు ఇంజిన్ ఊపిరి పీల్చుకునేది ఆ రేకు అంచు చుట్టూ ఉన్న వెంట్రుకవాసి సందులోంచి, పక్కనే ఉన్న ఒక చిన్న కాలువలోంచి. బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరగడాన్ని ఐడిల్ అంటారు, ఆ కాలువకి ఐడిల్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది, కంప్యూటర్ చెప్పినట్టు అది కాస్త తెరుచుకుంటూ కాస్త మూసుకుంటూ ఆర్‌పీఎంని 700, 800 దగ్గర నిలబెడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అది బాగా తెరిచి ఉంటుంది, కాబట్టి కాస్త మసి ఉన్నా గాలి సరిపోతుంది. వేడెక్కాక దాదాపు మూసుకుని సన్నగా పనిచేయాల్సి వస్తుంది, మసి అడ్డం పడేది అప్పుడే. మీరు ఏసీ నొక్కగానే కంప్రెసర్ బరువు ఇంజిన్ మీద పడుతుంది, ఆ క్షణంలో వాల్వ్ ఇంకొంచెం తెరుచుకుని ఆదుకోవాలి. అది ఇరుక్కుపోయి ఉంటే ఆదుకోలేదు, బండి ఆగిపోతుంది. మీరు చెప్పిన ప్రతి లక్షణమూ ఇందులో ఇమిడిపోతుంది.

మరి బ్యాటరీ మార్చాక ఎందుకు ఎక్కువైంది? నాకు ఈ ఉత్తరంలో బాగా నచ్చిన క్లూ ఇదే. మసి ఒక్కరోజులో పట్టదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పడుతుంది. పట్టే కొద్దీ కంప్యూటర్ సర్దుకుంటూ వస్తుంది, ఈ బండికి వాల్వ్ ఇంకాస్త ఎక్కువ తెరవాలి అని గుర్తుపెట్టుకుంటుంది. బ్యాటరీ తీసేసరికి ఆ జ్ఞాపకం చాలా కార్లలో తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ కొత్త బండి అనుకుని మొదలుపెడుతుంది, కానీ గాలి దారి మాత్రం పాతదే. పాపం బ్యాటరీది గానీ ఆ మెకానిక్‌ది గానీ తప్పు కాదు, లోపల దాక్కున్న జబ్బు బయటపడింది, అంతే. ఈసీయూ పోయిందన్నవాళ్ళు బహుశా ఇదే చూసి ఉంటారు. ఈసీయూలు పోవా అంటే పోతాయి, నీళ్ళలో మునిగిన బండ్లలో పోతాయి, వైరింగ్ కెలికితే పోతాయి. కానీ ఎర్త్ వైర్లు, కనెక్టర్లు, సప్లై వోల్టేజి చూడకుండా ఈసీయూ మార్చమన్నవాళ్ళకి నేనైతే బండి ఇవ్వను.

ఇప్పుడు ఆ డైరీ. మీ నాన్నగారి చేతిరాత ముత్యాల్లా ఉంది. కిలోమీటర్లు, పెట్రోల్ లీటర్లు, గాలి కొట్టించినది కూడా రాశారు. మొదటి ఫొటోలో కింద నుంచి మూడో లైను చూడండి: 2014, 'ఐడ్లింగ్ తక్కువ, స్క్రూ తిప్పాడు, 50'. రెండో ఫొటోలో 2018: 'ఏసీ వేస్తే ఆఫ్. మళ్ళీ స్క్రూ. 100.' అంటే ఈ బండి ఆయన చేతిలో కూడా ఆగింది. ఆయన అబద్ధం చెప్తున్నారని నేను అనను, స్క్రూ తిప్పగానే తగ్గిపోయిన విషయం ఎవరికి గుర్తుంటుంది?

ఆ స్క్రూ గురించి కొంచెం చెప్పాలి. థ్రాటిల్ రేకు ఎంతవరకు మూసుకోవాలో ఆపే స్క్రూ ఒకటి ఉంటుంది, కంపెనీలోనే సెట్ చేసి కదలకుండా పెయింట్ చుక్క పెడతారు. మసి వల్ల ఐడ్లింగ్ పడిపోయినప్పుడు రోడ్డు పక్క మెకానిక్ చేసే పని, దాన్ని ఒక చుట్టు తిప్పి రేకుని కాస్త తెరిచి పెట్టడం. రెండు నిమిషాల పని, కస్టమర్ ఖుషీ. కంప్యూటర్ లేని పాత కార్బ్యురేటర్ బండ్ల కాలంలో అది నిజంగానే సరైన పని, ఆ అలవాటే వీటికీ వచ్చింది. కానీ కంప్యూటర్ ఉన్న బండిలో రేకు పూర్తిగా మూసుకుందన్న సంకేతం అందితేనే 'ఓహో, ఇప్పుడు ఐడిల్' అని కంప్యూటర్ వాల్వ్‌ని పట్టించుకుంటుంది. స్క్రూ ఎక్కువ తిప్పేస్తే ఆ సంకేతం సరిగ్గా అందదు. మీరు బ్రేక్ వేసి ఆపబోతున్న క్షణంలోనే ఆఫ్ అవడానికి ఇది కూడా కారణం కావచ్చు. రెండుసార్లు తిప్పిన స్క్రూ, పదేళ్ళ మసి, ఒక కొత్త బ్యాటరీ, నా లెక్కలో మీ కథ ఇంతే.

కాబట్టి నేనైతే ఇంకే పార్టూ కొనకుండా ముందు థ్రాటిల్ బాడీ, అంటే ఆ రేకు ఉండే గొట్టం, ఐడిల్ వాల్వ్ శుభ్రం చేయిస్తాను. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే లావు రబ్బరు గొట్టం క్లాంప్ వదులు చేస్తే ఊడొస్తుంది. లోపల ఇత్తడి రంగులో గుండ్రటి రేకు కనపడుతుంది. దాని అంచు మీద, వెనక గోడ మీద వేలు పెట్టి తుడవండి, కాటుకలా జిగురుగా నల్లగా అంటుకుంటే మనం అనుకున్నది నిజమే. ఇంజిన్ కింది భాగంలోంచి వచ్చే నూనె ఆవిరి మళ్ళీ గాలి దారిలోకే వెళ్ళేలా కార్లు కడతారు, ఆ నూనె దుమ్ముతో కలిసి ఇలా పేరుకుంటుంది. థ్రాటిల్ క్లీనర్ అని స్ప్రే డబ్బా దొరుకుతుంది, మెత్తటి గుడ్డ, పాత టూత్ బ్రష్ చాలు. శాండ్ పేపర్, తీగ లోపల పెట్టనివ్వకండి. ఐడిల్ వాల్వ్ విప్పి దాని మొన, కాలువ కడగాలి, మొనని వేలితో లోపలికి నొక్కకూడదు, బిగించేటప్పుడు రబ్బరు రింగు చిట్లి ఉంటే మార్చాలి. స్ప్రేతో కలిపి వెయ్యి, పదిహేను వందల కంటే ఎక్కువ అడిగితే ఇంకో చోటికి వెళ్ళండి.

ఒక హెచ్చరిక, కడిగాక మొదటిసారి స్టార్ట్ చేస్తే కాస్త పొగ రావచ్చు, ఆర్‌పీఎం 1500 దాకా ఎగరొచ్చు. భయపడకండి, పైగా అది మంచి గుర్తు, మసి పోయింది కానీ తిప్పిన స్క్రూ అలాగే ఉంది అని అర్థం. అప్పుడే, ఆ తర్వాతే, స్క్రూని వెనక్కి తెచ్చి థ్రాటిల్ సెన్సార్ రీడింగ్ చూసి సెట్ చేయించాలి. మసి ఉండగా స్క్రూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. ఆ తర్వాత లైట్లు, ఏసీ అన్నీ ఆపి రేడియేటర్ ఫ్యాన్ తిరిగేంత వరకు ఇంజిన్‌ని ఊరికే నడవనిచ్చి, ఇంకో పది నిమిషాలు అలాగే ఉంచి, ఆపైన ఏసీ వేసి కాసేపు ఉంచితే చాలా బండ్లు కొత్త లెక్క నేర్చుకుంటాయి. మోడల్‌ని బట్టి పద్ధతి మారుతుంది, మాన్యువల్ ఉంటే చూడండి. ఇది మాత్రం మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేయకండి, బయట గాలి ఆడే చోటే చేయండి. పెట్రోల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, మనుషులని చంపేస్తుంది.

మెకానిక్‌తో మాట్లాడటం కూడా ఒక సమస్యే అని రాశారు, మేడం మీకు అర్థం కాదులెండి అన్న ధోరణి. బెంగళూరు గ్యారేజీల్లో తెలుగు అర్థమయ్యేవాళ్ళు బోలెడంత మంది, దానికి ఇబ్బంది లేదు, కావాలంటే 'సిగ్నల్‌నల్లి ఆఫ్ ఆగుత్తె' అని కన్నడలో మొదలుపెట్టండి, మొహం మారుతుంది. అసలు కిటుకు ఏంటంటే ఏం మార్చాలి అని అడగొద్దు. అలా అడిగితే ఏదో ఒకటి మారుస్తారు, మార్చడంలోనే వాళ్ళకి డబ్బు ఉంది. వేడెక్కాక, క్లచ్ తొక్కి ఆపినప్పుడు, ఏసీ వేస్తే ఆగుతోంది, హైవే మీద ఆగడం లేదు, బ్యాటరీ మార్చాక పెరిగింది, స్క్రూ రెండుసార్లు తిప్పారు, ఇదంతా ఒక కాగితం మీద రాసి చేతికిచ్చి, ముందు థ్రాటిల్ విప్పి నాకు చూపించండి అని పక్కన నిలబడండి. మార్చాలన్న ప్రతి పార్టుకీ 'పాడైందని ఎలా తెలిసింది' అని ఒక్క ప్రశ్న వేయండి, అది చాలు.

వెళ్ళే ముందు మీరే ఇంట్లో చూసుకోదగ్గవి రెండు మూడు ఉన్నాయి. ఇంజిన్ ఆపి బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి, పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే, లేదా బ్రేక్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ శబ్దం మారితే, బ్రేక్ తొక్కడం తేలికయ్యేలా సాయపడే బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే గొట్టమో బూస్టరో గాలి లాగుతోందన్నమాట. ఇన్నేళ్ళ రబ్బరు గొట్టాలు బానెట్ వేడికి ఎండిన చింతకాయల్లా అయిపోతాయి, ఎక్కడ చిట్లినా లెక్కలో లేని గాలి దూరుతుంది, అది కూడా ఐడిల్‌లోనే ఎక్కువ తెలుస్తుంది. బానెట్ తెరిచి చెవి పెట్టండి, సన్నగా స్‌స్‌స్ అని వినపడితే అదే. వేడి ఇంజిన్ మీద స్ప్రే కొట్టి లీక్ వెతికే మెకానిక్కులు ఉంటారు, మంటలు అంటుకునే పని అది, సబ్బు నీళ్ళతో వెతకమనండి.

ఇంకోటి, డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగలేదని రాశారు కదా, అసలు ఆ ఇంజిన్ లైట్ బల్బు బతికే ఉందా? తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఉంచితే అది వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. ఎప్పుడూ వెలగకపోతే, బల్బు మాడిపోయి ఉండాలి లేదా ఎవరో పీకేసి ఉండాలి. అలాగే పొల్యూషన్ చెక్ చీటీ ఉంటే తీయండి. ఇంత పాత పెట్రోల్ బండికి ఆ టెస్ట్ ఐడిల్‌లోనే చేస్తారు, చీటీ మీద సీఓ (కార్బన్ మోనాక్సైడ్), హెచ్‌సీ (మండకుండా మిగిలిన పెట్రోల్) అని రెండు అంకెలు ఉంటాయి. సీఓ బాగా ఎక్కువుంటే పెట్రోల్ ఎక్కువ తాగుతోందని, సీఓ తక్కువుండి హెచ్‌సీ మాత్రం ఆకాశాన్ని అంటుతుంటే ఏదో సిలిండర్ మిస్ కొడుతోందనో గాలి ఎక్కువైందనో అర్థం. కొద్ది డబ్బుకి వచ్చే ఇంత సమాచారాన్ని మనం ఇన్సూరెన్స్ కాగితాల వెనక దోపేస్తాం.

క్లీనింగ్ చేయించాక కూడా తగ్గకపోతే? తొంభై శాతం తగ్గుతుంది లాంటి మాటలు నేను చెప్పను, బండిని నేను చూడలేదు. తగ్గకపోతే తర్వాత చూడాల్సింది వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వులకి వదిలే సన్నటి సందు), కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందన్నది). కొన్ని ఇంజిన్లలో ఆ సందు అప్పుడప్పుడు సరిచేస్తూ ఉండాలి, చేయకపోతే ఎగ్జాస్ట్ వాల్వులు బిగుసుకుపోయి వేడెక్కాక పూర్తిగా మూసుకోవు, అప్పుడు కూడా చల్లగా బాగుండి వేడి మీద వణుకుతుంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలూ కాగితం మీద రాసి ఇవ్వమనండి. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే ఇంజిన్ లోపల బాగున్నట్టు. ఒకటి బాగా తక్కువుంటే అది పెద్ద ఖర్చు, అప్పుడు అమ్మే ఆలోచన న్యాయమైనదే. అందుకే అమ్మాలా వద్దా అన్నది ఈ అంకెలు చూశాక తేల్చుకోవడం మంచిదంటాను.

పెట్రోల్‌లో ఇథనాల్ వల్లేమో అని మీ ఆయన అన్నారట. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ని 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే మొదలుపెట్టారు, ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ అదే. 2007 బండిని దానికోసం కట్టలేదు, పాత రబ్బరుకి అది మంచిది కాదు, మైలేజి కూడా కాస్త తగ్గుతుంది. కాబట్టి పెట్రోల్ గొట్టాలు ఎక్కడైనా చెమ్మగా ఉన్నాయా, వాసన వస్తోందా చూపించుకోండి, వస్తే ఆ రోజే మార్పించండి. కానీ సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగడానికి అదొక్కటే కారణం అనుకోను.

ఈలోగా బండి నడపాల్సి వస్తే ఏసీ ఆపి నడపండి, సిల్క్ బోర్డ్, హెబ్బాళ ఫ్లైఓవర్ల వైపు బాబుతో వెళ్ళకండి. ఒకవేళ ఆగితే, ముందు హజార్డ్ లైట్లు వేయండి. ఇంజిన్ ఆగాక కూడా బూస్టర్‌లో ఒకటి రెండు బ్రేకులకి సరిపడా బలం మిగిలి ఉంటుంది, భయంతో పదే పదే తొక్కి దాన్ని ఖర్చుపెట్టేయకండి, ఒకసారి తొక్కి పట్టుకోండి. పవర్ స్టీరింగ్ ఉంటే అది బరువెక్కుతుంది, తిరగకపోదు గానీ రెండు చేతులా తిప్పాలి. న్యూట్రల్‌లోకి తెచ్చి తాళం తిప్పండి. హారన్లు కొట్టేవాళ్ళు కొడుతూనే ఉంటారు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర కదిలే బండికి కూడా కొడతారు.

ఇప్పుడు అమ్మడం, ఉంచుకోవడం. మీ ఉత్తరంలో ముగ్గురూ ఇంజిన్ గురించి కొట్టుకుంటున్నారు, కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు ఖర్చు అక్కడుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, అనంతపురం ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, కర్ణాటక రోడ్ టాక్స్ కట్టాలి. మీ దగ్గర బండి 2023 నుంచి ఉంది. పైగా 2022లో పదిహేనేళ్ళు నిండాయి కాబట్టి అప్పుడు ఆర్‌సీ రెన్యూ చేయించే ఉంటారు, అది ఐదేళ్ళకే ఇస్తారు, అంటే 2027లో మళ్ళీ ఫిట్‌నెస్, మళ్ళీ ఫీజు. ఆర్‌సీ తీసి తేదీ చూడండి.

దీన్ని బట్టి మీకు మూడు దారులు కనపడుతున్నాయి నాకు. ఇక్కడే ఉంచుకోవాలంటే రిపేరు కంటే ఎన్‌ఓసీ, టాక్స్ ఖర్చు పెద్దది కావచ్చు, ముందు ఆర్‌టీఓలో ఆ లెక్క కనుక్కుని ఆ తర్వాత మీ ఆయనతో కూర్చోండి. అమ్మాలంటే బాగు చేయించాకే అమ్మండి, సిగ్నల్ దగ్గర ఆగే బండిని ఉన్నదున్నట్టు చూపిస్తే తుక్కు రేటే అడుగుతారు, ఏపీ నంబరు అయితే బెంగళూరులో కొనేవాళ్ళు ఇంకా తగ్గిస్తారు, అనంతపురంలో అమ్మితే ఆ తలనొప్పి లేదు. చెప్పకుండా దాచి అమ్మడం గురించి మీరు అడగలేదు, అడగనందుకు సంతోషం. మూడోది, బాగు చేయించి నాన్నగారి ఇంటికే పంపేయడం. ఆయన నడపకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి పిలుస్తే వచ్చే డ్రైవర్ చాలు, టాక్స్ గొడవ ఉండదు, మీరు ఇక్కడ బాబుని స్కూలుకి దింపడానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. దీనికి మీ ఆయన ఒప్పుకోవచ్చు గానీ వాకిట్లో కదలకుండా నిలబడ్డ కారుని రోజూ చూడటం నాన్నగారికి నచ్చుతుందో లేదో నాకు తెలీదు, అది మీకే తెలియాలి.

మీ ఆయన గురించి ఒక్క మాట. ఆయన 'తుక్కు' అన్నది మీ నాన్న కారుని చూసి అన్నట్టు మీకు వినపడింది. నాకైతే టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు ముందు పిల్లాడితో ఇరుక్కున్న భార్య గురించి భయపడ్డ మనిషి వినపడుతున్నాడు, మాట మాత్రం మోటుగా వచ్చింది. థ్రాటిల్ విప్పే రోజు ఆయన్ని కూడా గ్యారేజీకి తీసుకెళ్ళండి. ఆ నల్లటి వేలు ఆయన కూడా చూస్తే 'బండి సంగతి తేలేదాకా నెల రోజులు ఆగుదాం' అన్న మాట తేలిగ్గా ఒప్పుకుంటారు.

నాన్నగారికి ఆ డైరీ ఫొటో పంపి 'చూడు, నీ దగ్గర కూడా ఆగింది' అనాలని మీకు చేతులు దురద పెడుతుంటాయి, పెట్టాలి కూడా, అన్ని మాటలు పడ్డారు. కానీ అలా పంపితే ఇంకో నాలుగు రోజులు ఫోన్ మోగదు. దాని బదులు ఒక సాయం అడగండి. 2014లో స్క్రూ తిప్పినది ఎవరు, అప్పుడు ఎంత తిప్పారు, వాల్వ్ క్లియరెన్స్ ఎప్పుడైనా చేయించారా, మధ్యలో గ్యాస్ కిట్ ఏమైనా పెట్టించారా, 2018 తర్వాత థ్రాటిల్ ఎవరైనా విప్పారా? ఇవి మెకానిక్‌కి నిజంగానే కావాలి, ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. స్క్రూ సంగతి ఆయన నోటితోనే వస్తుంది, వచ్చినప్పుడు మీరేమీ అనకండి, ఊఁ కొట్టి రాసుకోండి.

క్లీనింగ్ అయిన రోజు మీటర్ రీడింగ్, వేడెక్కాక ఏసీ లేకుండా ఆర్‌పీఎం, ఏసీ వేశాక ఆర్‌పీఎం, ఇచ్చిన డబ్బు, ఈ నాలుగూ ఆ డైరీలోనే కింద రాయండి. ఆ పేజీ ఫొటో తీసి నాన్నగారికొకటి, నాకొకటి పంపండి. ఏసీ వేసినప్పుడు ముల్లు క్షణం పడి మళ్ళీ 800 మీదికి లేస్తుంటే వాల్వ్ బతికినట్టే. లేవకపోతే కంప్రెషన్ అంకెలు కూడా జతచేసి పంపండి, అప్పుడు చూద్దాం.